ఏడు గంటల జోస్యం

"ఆ వైరు మీద చెయ్యి పడిందా, నిచ్చెన లాగేస్తాను!" అంది అత్తగారు.

నిచ్చెన మీదున్న కేబులతను కత్తెర తెరిచి పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఇద్దరాడవాళ్ళ మధ్య ఎవరి మాట వినాలో అతనికి పాలుపోలేదు.

"మీరు కానివ్వండన్నా," అంది కోడలు. "అత్తయ్యా, మీ సీరియల్ యాప్‌లో కూడా వస్తుందని పదిసార్లు చెప్పాను. ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకోవచ్చు."

"అదేనే నా ఏడుపు. ఎప్పుడు కావాలంటే అప్పుడు తినొచ్చంటే, పక్కన కూర్చుని తినేవాళ్ళు మిగలరు."

కోడలికి ఆ మాట అందలేదు. రోజూ ఏడయ్యేసరికి ఎదురింటి కుట్టుమిషనావిడ, కింది వాటాలో ఉండే నర్సు, వీధి చివరి లెక్కల టీచరు వచ్చి సోఫాలో కూర్చుంటారు. మధ్యన పేము కుర్చీలో అత్తగారు. ప్రకటనలు వచ్చినంతసేపూ నలుగురూ కలిసి లోకాన్ని చక్కదిద్దుతారు. ఏడు గంటలన్న కట్టుబాటు పోతే, ఎవరింట్లో వాళ్ళు ఎవరి ఫోన్లో వాళ్ళు చూసుకుంటారు. ఇక ఈ గడప తొక్కేదెవరు?

టప్‌మని వైరు తెగింది. అత్తగారు విసురుగా లోపలికి వెళ్ళిపోయింది.

అయితే ఆ సాయంత్రం ముగ్గురూ వచ్చారు. మర్నాడూ వచ్చారు. మూడోరోజు పొద్దున్నే అత్తగారు కూరలు తరుగుతూ, రిమోట్‌లో ఏదో నొక్కబోయి ఇంకేదో నొక్కింది. సాయంత్రం ఏడింటికి రావలసిన ఎపిసోడ్ యాప్‌లో అప్పుడే మొదలైంది! కత్తిపీట పక్కకు తోసి, కళ్ళప్పగించి మొత్తం చూసేసింది.

ఆ సాయంత్రం టీ కప్పులు అందిస్తూ, ఏమీ ఎరగనట్టు అంది: "ఎందుకో నా మనసుకి, ఇవాళ సీరియల్లో చిన్నకోడలు కళ్ళు తిరిగి పడిపోతుందనిపిస్తోంది."

పది నిమిషాల్లో చిన్నకోడలు దభీమని పడింది.

"అమ్మో! ఎలా చెప్పేశారు పిన్నిగారూ?" అని కుట్టుమిషనావిడ గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"ఎన్ని సీరియళ్ళు చూసిన కళ్ళమ్మా ఇవి! మొహం చూస్తే కథ తెలిసిపోతుంది."

అంతే, ఆ రోజునుంచి అత్తగారి దశ తిరిగింది. పొద్దున చూడటం, సాయంత్రం జోస్యం చెప్పడం. ఒక్కటంటే ఒక్కటి తప్పలేదు. "నా లెక్కయినా తప్పుతుందేమో గానీ మీ మాట తప్పదు వదినగారూ," అనేది టీచరు. ఒకరోజు నర్సు తనకు బదిలీ అవుతుందో లేదో చెప్పమని కూడా అడిగింది. "కాదులే పో," అంది అత్తగారు ధైర్యంగా. కాలేదు. దాంతో ఆవిడ మాటకు ఎదురు లేకుండా పోయింది. కోడలి మీద కోపం ఎప్పుడు పోయిందో ఆవిడకే గుర్తులేదు. వీధిలో కేబులతను ఎదురుపడి, "మళ్ళీ వెయ్యమంటారా అమ్మా?" అంటే, "చల్లగా ఉండు నాయనా, తీసి మేలు చేశావు," అంది.

రెండు నెలలు అలా హాయిగా గడిచాయి. ఒక గురువారం పొద్దున్నే నెట్ పోయింది.

అత్తగారు నెట్ డబ్బా మీది ఎర్ర లైటును తిట్టింది, తట్టింది, ప్లగ్గు తీసి పెట్టింది. ఆఫీసులో ఉన్న కోడలికి నాలుగుసార్లు ఫోన్ చేసింది. "సాయంత్రం లోపు బాగుచేస్తారట అత్తయ్యా. అయినా మీ సీరియల్ ఏడింటికి కదా, ఇప్పట్నుంచే కంగారెందుకు?" అంది కోడలు. ఎందుకో చెప్పుకునే దారి లేదు.

పైగా ఆరోజు మామూలు ఎపిసోడ్ కాదు. ఇరవై ఏళ్ళ కిందట తప్పిపోయిన పెద్దింటి కూతురెవరో తేలేది ఆ రోజే. నెట్ వచ్చేసరికి ఏడుకి అయిదు నిమిషాలు తక్కువ. అప్పటికే ముగ్గురూ సోఫాలో సర్దుకుని కూర్చున్నారు.

"ఊఁ, చెప్పండి పిన్నిగారూ," అంది కుట్టుమిషనావిడ. "ఆ తప్పిపోయిన పిల్ల వంటమనిషా, లాయరమ్మా?"

అత్తగారు టీ ఒక గుక్క తాగింది. తెలీదంటే ఇన్నాళ్ళ పేరు మంటగలుస్తుంది. తప్పు చెబితే అంతకంటే నవ్వులపాలు. ఉన్నది రెండే దారులు. కళ్ళు మూసుకుని ఒకటి పట్టుకుంది.

"ఇందులో ఆలోచించేదేముంది? లాయరమ్మే! ఆ ముక్కు చూడండి, అచ్చు గుద్దినట్టు తల్లిదే."

మామూలుగా అయితే ఈపాటికి 'అవునవును' అంటూ ముగ్గురూ ఎగిరి గంతేసేవాళ్ళు. ఇవాళ టీచరు కళ్ళజోడు తీసి తుడుచుకోసాగింది. కుట్టుమిషనావిడ తన చేతికంటుకున్న దారప్పోగులు ఏరుకుంటోంది.

"లాయరమ్మేంటి అత్తయ్యగారూ!" నర్సు ఉండబట్టలేకపోయింది. "వంటమనిషే కదా! పొద్దున డ్యూటీకి వెళ్తూ బస్సులో చూసి ఎంత ఏడ్చానో..."

అని నాలుక కరుచుకుంది.

కుట్టుమిషనావిడ ఆమెను మోచేత్తో ఒక్క పొడుపు పొడిచి, హాలంతా వినబడేంత గుసగుసగా అంది: "ముగ్గురం పొద్దున్నే చూసేసి వస్తున్నామని ఆవిడ దగ్గర నోరు జారొద్దని రెండు నెలలుగా మొత్తుకుంటున్నానా, లేదా?"