టైరు కింద ఇటుకలు

తెల్లారి టాక్సీ దగ్గరికొచ్చిన రాకెట్ కొయ్యబారిపోయాడు.

ముందు టైర్ల కింద మళ్లీ రెండు ఇటుకలు!

వరసగా ఇది నాలుగో రోజు.

జన్మలో నలభై దాటించి బండి నడపలేదని వీధి వీధంతా కలిసి అతనికి రాకెట్ అని పేరు పెట్టింది. ఇక ఆ వీధి ఏటవాలు ఎంతంటే, పైనింట్లో ఉల్లిపాయ జారితే కిందింటివాళ్ల కూరలో తేలాల్సిందే.

"టైర్ల దొంగలేనే! ముందు ఇటుకలు పెడతారు, తర్వాత చక్రాలు ఊడబీక్కుని పోతారు" అన్నాడు భార్యతో.

"నీ గుండు టైర్లు ఊరికే ఇచ్చినా దొంగ తీసుకోడు" అంది ఆమె.

అతనికి నవ్వు రాలేదు. ఆ బండి పోతే ఇల్లు గడవదు. ఇటుకల్ని కాలవలోకి విసిరేశాడు.

మర్నాడు పొద్దున్నే తలుపు చాటున కాపు కాశాడు.

భుజాన సంచితో ఒక ముసలాయన వచ్చాడు. వంగి, టైరు కింద ఇటుక దోపుతున్నాడు.

రాకెట్ చీపురు పట్టుకుని ఉరికాడు.

"ఎవరయ్యా నువ్వు? మీ ముఠాలో ఎంతమంది?"

"ఒక్కణ్ణే బాబూ. ఈ హ్యాండ్‌బ్రేకుని నమ్మకు. లోపలి పళ్లు పట్టవు, జారిపోతాయి. కంపెనీ ఉత్తరం రాలేదా? వాళ్లే ఊరికే మార్చిస్తారు."

"ఓహో! ఏ షెడ్డువాడు పంపాడు నిన్ను? బేరం తెస్తే నీకెంత?"

"షెడ్డు కాదు బాబూ..."

"ఇంకోసారి కనబడ్డావంటే కాళ్లు విరగ్గొడతా!"

ముసలాయన ఇటుకలు చంకన పెట్టుకుని మెల్లగా దిగిపోయాడు.

ఉత్తరం వచ్చిన మాట నిజమే. రాకెట్ దాన్ని చదవకుండానే నాలుగు మడతలు పెట్టి, గడగడలాడే కారు అద్దం సందులో దోపేశాడు.

రెండు రోజులు గడిచాయి. ఇటుకలు లేవు. హమ్మయ్య అనుకున్నాడు.

మూడో రోజు కూతుర్ని బడికి తీసుకెళ్లాలి. వెనకసీట్లో కూర్చోబెట్టి, హ్యాండ్‌బ్రేకు లాగి, మర్చిపోయిన నీళ్ల సీసా కోసం గడప ఎక్కాడు.

వెనక 'టక్' మంది.

"నాన్నా! నువ్వు లేకుండానే కారు పోతోంది!"

రాకెట్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి. పరిగెత్తాడు. జన్మలో నలభై దాటని బండి అతన్ని వెనక వదిలేసి దూసుకుపోతోంది. వీధి చివర పెద్ద రోడ్డు. రోడ్డు నిండా లారీలు.

"పాపా..."

మలుపు దగ్గర అరుగు మీంచి ఎవరో లేచి కారుకి అడ్డంగా ఉరికారు.

ముసలాయన!

ఒక ఇటుక తోశాడు. పిండైపోయింది. రెండోది తోశాడు. అది పట్టింది. కారు గోడకి ఒరిగి ఆగింది.

పాప ఒంటి మీద గీత కూడా పడలేదు.

గోడకీ కారుకీ మధ్య ముసలాయన ఉన్నాడు.

"పాప...?" అన్నాడు.

"నాకేం కాలేదు తాతా."

ఆయన కళ్లు మూశాడు. మళ్లీ తెరవలేదు.

ఆస్పత్రివాళ్లు సంచి రాకెట్ చేతిలో పెట్టారు. లోపల ఒక నోటుపుస్తకం. పేజీల నిండా బళ్ల నంబర్లు, 'బ్రేకు మార్చారు' అని రాసి అడ్డగీతలు. గీత పడనిది ఒక్కటే, రాకెట్ బండిది.

అట్ట లోపల అంటించిన పాత ఫ్యాక్టరీ కార్డు మీద అదే మొహం, నల్లజుట్టుతో. కింద ఉద్యోగం: హ్యాండ్‌బ్రేకుల తనిఖీ.