తడిసిన కలువలు

రైలు వేమూరు దాటాక సంచిలో చెయ్యి పెట్టిన దీవెనకు తడి తగిలింది. నీళ్లసీసా మూత వదులై బట్టలన్నీ తడిసి ముద్దయ్యాయి. వాటి మధ్య పదిలంగా దాచిన కాగితం కవరు కూడా నానిపోయింది.

అది దేవసహాయం మాస్టారు ఇచ్చిన కవరు. లండన్‌లో నర్సుగా ఉన్న ఆయన చెల్లెలు ఓ మ్యూజియం దుకాణంలో కొని పంపిన పెన్సిళ్ల డబ్బా అందులో ఉంది. ఎప్పుడో వందేళ్ల కిందట ఒక గొప్ప చిత్రకారుడు వేసిన కలువల కొలను దాని మీద అచ్చువేశారట. బాపట్ల హాస్టల్లో చదువుతున్న మాస్టారి కూతురు ప్రియకు అందించాలి. "దీవెనైతే పదిలంగా తీసుకెళ్తుంది," అన్నారు మాస్టారు, క్లాసులో అందరి ముందూ. ఎవరి నోటా పలకని తన పేరు ఆ రోజు అందరికీ వినబడింది.

కవరు విప్పింది. అట్ట డబ్బా. మూత మీద నీలం, పచ్చ, గులాబీ ఒకదాన్లోకి ఒకటి కారిపోయాయి. పువ్వేదో ఆకేదో తెలియడం లేదు. చున్నీతో అద్దింది. చున్నీకి రంగంటలేదు. అంటడానికి ఇంకేం మిగిలింది గనక, అనుకుంది. మూత అంచున సీలుగా స్టిక్కరు అంటించి ఉంది. దాన్ని విప్పి లోపల చూసే ధైర్యం చాలలేదు.

పక్కనున్న నాయనమ్మ సుగుణమ్మ మెడ చాచింది.

"అలికేసినట్టయిందేంటే? మూత బిగించమన్నానా లేదా?"

"మాస్టారికి ఏం చెప్పను నాయనమ్మా?"

"జరిగిందే చెప్పు. కొరుక్కుతింటారా ఏంటి?"

కొరుక్కుతినరు. పర్లేదులేమ్మా అంటారు. ఆ తర్వాత ఇక ఏ పనికీ తన పేరు పిలవరు. దీవెన భయమంతా అదే.

తెనాలిలో దిగి బాపట్ల బండి కోసం కూర్చున్నారు. ప్లాట్‌ఫారం ఫ్యాను కింద డబ్బా ఆరాక, రికార్డు బొమ్మల కోసం తెచ్చుకున్న స్కెచ్ పెన్నులు తీసింది దీవెన. కలువలు ఎలా ఉంటాయో ఆమెకొకరు చెప్పాలా? నగరం మండలంలోని వాళ్ల ఊరి కాలవ నిండా అవే. ఆకు ఆకుకీ నల్లగీత చుట్టి, తొడిమ దగ్గర నొక్కు పెట్టింది. పువ్వు పువ్వుకీ రేకులు విడదీసింది.

"ఇప్పుడు కలువంటే కలువలా ఉంది," అంది సుగుణమ్మ సోడా తాగుతూ. "ఆ దొర కూడా ఇంత బాగా వేసుండడు."

దీవెనకు నవ్వు రాలేదు. దొంగపని చేసినట్టు అటూ ఇటూ చూసి పెన్నులు సంచిలో దాచేసింది.

బాపట్లలో ప్రియ హాస్టల్ గేటు దాకా పరుగున వచ్చింది. డబ్బా అందుకుని మూత వంక చాలాసేపు చూసింది. నల్లగీత మీద వేలు పెట్టి నెమ్మదిగా రుద్దింది.

"దారిలో ఏమన్నా అయిందా దీవెనా?"

"లేదక్కా. మాస్టారిచ్చినప్పుడే ఇలా ఉంది."

తప్పంతా తనను నమ్మిన మనిషి మీదికే నెట్టేసింది.  సుగుణమ్మ గొంతు సవరించుకుని మొహం అటు తిప్పుకుంది.

 ప్రియ స్టిక్కరు చింపి మూత తీసింది. లోపల ప్లాస్టిక్ కాగితంలో బిగించిన పెన్సిళ్లు, పొడిపొడిగా, మెరుస్తూ ఉన్నాయి. ఆ కాగితం చించి, ఒక పెన్సిలు తీసి దీవెన చేతిలో పెట్టింది.

"నువ్వొకటి ఉంచుకో. గీతలు బాగా గీస్తావు."

దీవెన తల దించుకుని పెన్సిలు వైపు చూసింది.

చుక్క నీరు తగలని దాని మీద అచ్చువేసిన కలువలు కూడా అలికినట్టే ఉన్నాయి.