అన్నింట్లోనూ ఉంది

మా ఆవిడకు వేరుశనగ పలుకు తగిలితే చాలు, గొంతు పూడుకుపోతుంది. పరాయి దేశంలో పొట్లాల మీది రాత మాకు అంతుపట్టలేదు. "పడనివి లావు అక్షరాల్లో వేస్తారు నాన్నా" అని ఫోన్లో చెప్పింది అమ్మాయి. నా కళ్లకు అన్నీ లావుగానే ఉన్నాయి.

నలభై ఏళ్లు నూనె మిల్లులో చేసినవాణ్ణి. మూతి కుట్టిన బస్తాను వాసన చూసి లోపలి సరుకు చెప్పేవాణ్ణి. కొట్లో పొట్లాలు ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టుకుని, ఉందన్నట్టు తల ఊపాను. బిస్కట్లలో ఉంది. రొట్టెలోనూ ఉంది.

దద్దుర్ల పిల్లను ఎత్తుకున్న ఒక తల్లి తన పొట్లం కూడా అందించింది. ఊపాను. ఆవిడ వెనక వరుస కట్టారు. కొట్టు మేనేజరు నాకు కుర్చీ వేయించాడు.

మూడు రోజులుగా మా ఆవిడకు అరటిపండ్లే భోజనం. ఇక దాచలేక, కొట్లో నా కుర్చీ పక్కనే నిలబడ్డ ఆమె చెవిలో చెప్పాను.

"విమానం దిగిన దగ్గర్నుంచీ జలుబే. ఏ వాసనా తెలియట్లేదు. ఉందంటే పస్తుతో పోతుంది, లేదంటే ప్రాణం మీదికొస్తుంది."

"తెలుసులెండి. పొద్దున పాలు అడుగంటి మాడినా మీకు తెలియలేదుగా" అంటూ ఇంకో పండు ఒలిచింది. "అదిగో, ఎవరో వస్తున్నారు. ఉందని చెప్పండి."