పాలమూరు రేడియేటర్

ఆ రోజు ఇంట్లో నర్సింగమ్మ అవ్వ ఉంది. నాయిన సిద్దయ్య ఉన్నాడు. నెలలు నిండిన అక్క అమృతమ్మ ఉంది, ఆమె నడుముకు ఆముదం రాస్తూ అమ్మ లీలమ్మ ఉంది. తలుపు చాటున, ఎవరికీ అడ్డం కాకుండా, చిన్న కూతురు అండాలు ఉంది.

వాకిట్లో కారు ఉంది, ముందు భాగం విప్పేసి.

మగ్గం అమ్మి కొన్న పాత కిరాయి కారు అది. ఇంజన్‌ను చల్లబరిచే రేడియేటర్‌కు చిల్లులు పడ్డాయి. పాలమూరు దారిలో కొత్తకోట దాటకముందే పొగలు కక్కుతోంది.

అమృతమ్మకు బిడ్డ అడ్డం తిరిగిందని, నొప్పులు మొదలుకాగానే పాలమూరు దవాఖానకు తేవాలని డాక్టరమ్మ చెప్పింది.

కంపెనీ రేడియేటర్ హైదరాబాదు నుంచి రావాలి. ఎప్పుడొస్తుందో దుకాణం వాడే చెప్పలేకపోయాడు. పాలమూరులో గండయ్య అనే పనివాడు తన కొట్టంలో రాగి గొట్టాలు అతికి చేసిందైతే నిన్ననే చేతికొచ్చింది.

"కంపెనీదే మంచిదంటరు," అన్నాడు సిద్దయ్య, గండయ్య చేసినదాన్ని అటూ ఇటూ తిప్పుతూ.

"అది వచ్చేదాంక నొప్పులు ఆగుతయారా?" అంది అవ్వ.

"ఇది మెరుసుడైతే మెరుస్తాంది."

"పెండ్లి చూపులకు వచ్చినవా, మెరుపు చూడనీకె? బిగియ్యి."

అండాలుకు ఇద్దరి మాటా నిజమే అనిపించింది.

అప్పుడే వాకిట్లోకి ఒకామె వచ్చింది. నడివయసు మనిషి. కొంగు నిండుగా కప్పుకుంది. కాళ్లనిండా రోడ్డు దుమ్ము.

"కిరాయికా అక్కా?" అన్నాడు సిద్దయ్య.

"కాదన్నా." ఆమె అతని చేతిలో ఉన్నదాన్ని చూసింది. "అది బిగియ్యకున్రి. కంపెనీది రానియ్యిన్రి. లేకుంటే బిడ్డను ఇప్పుడే బస్సుల తీస్కపోయి పాలమూరుల ఉంచున్రి."

"ఎందుకు?"

"అది సగం తొవ్వల ఆగవెడ్తది."

లోపల లీలమ్మ చేయి ఆగిపోయింది.

అవ్వ లేచి వచ్చింది. "నిండు మనిషి పయనమయ్యే బండి, సగం తొవ్వల ఆగుతదంటవా? ఏం నోరే నీది?"

"మాట చెడ్డదే అవ్వా. కానీ నిజం."

"నీకెట్ల తెల్సు?" అన్నాడు సిద్దయ్య.

ఆమె చూపు రేడియేటర్ అతుకుల మీదే ఉంది.

"కంపెనీ దుకాణపోళ్లు పంపిన్రా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఎవరింటిదానివి?"

ఆమె కొంగు ఇంకా ముందుకు లాక్కుంది. "అది అడగకున్రి. ఇంట్ల నిండు మనిషి ఉన్నదని విని, మనసు ఒప్పక వచ్చిన."

"పేరు చెప్పది, ఇల్లు చెప్పది," అంది అవ్వ. "గిసోంటోళ్ల నోరే తగిలేది. లీలా, ఉప్పు తే."

అవ్వ అమృతమ్మకు దిష్టి తీస్తుండగా ఆమె వెనుదిరిగింది. అండాలు సందు మలుపు దాకా వెంట నడిచింది. ఏమడగాలో తెలియలేదు.

"నువ్వన్న మీ నాయినకు చెప్పు బిడ్డా," అందామె.

అండాలు తల ఊపింది. ఇంటికొచ్చేసరికి నాయిన బోల్టులు బిగిస్తున్నాడు, అవ్వ కారు ముందు కొబ్బరికాయ కొడుతోంది. ఎవరు చెప్పారని చెప్పాలి? ఏమని చెప్పాలి? తలుపు చాటునే నిలబడిపోయింది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం నొప్పులు మొదలయ్యాయి.

దేవరకద్ర దాటాక కారు ముందు ఆవిరి లేచింది. అతుకు విడిపోయి నీళ్లన్నీ రోడ్డు పాలయ్యాయి. ఒక లారీ దొరికి దవాఖాన చేరేసరికి అక్క దక్కింది, బిడ్డ దక్కలేదు.

"దాని నోరే తగిలింది," అంది అవ్వ.

ఆ మాట అనబట్టి అతుకు విడిపోయిందా, అతుకు విడిపోతుందని తెలిసే ఆ మాట అందా, అండాలుకు తేలలేదు.

దవాఖాన నుంచి అక్కను ఇంటికి పంపే రోజు సిద్దయ్య ఆ రేడియేటర్‌ను గోనెసంచిలో వేసుకుని గండయ్య కొట్టానికి పోయాడు. అండాలు వెంట ఉంది.

"నా సరుకుకు ఇప్పటిదాంక ఎవడు వంక పెట్టలే," అన్నాడు గండయ్య. "నీ ఇంజనే పాడైంటది."

"ఒకామె మా ఇంటికొచ్చి ముందే చెప్పింది."

గండయ్య చేతిలో సుత్తి ఆగింది. "ఎవరామె?"

"పేరు చెప్పలే."

"దొరకనియ్యి. ఆమె నాలుక కోస్త."

మాటా మాటా పెరిగింది. సిద్దయ్య కూతురి వైపు చూసి, "నువ్వు గీడ ఉండకు బిడ్డా. పక్కింట్ల మంచినీళ్లడిగి తాగు, పో," అన్నాడు.

అండాలు పక్కింటి తలుపు తట్టింది.

తలుపు తీసింది ఆమే.

ఆమె ముందు కొట్టం వైపు తొంగి చూసింది.

"మీ అక్క?" అని అడిగిందామె, పెదవులు కదిలీ కదలకుండా.

"ఉంది."

"పసిబిడ్డ?"

అండాలు తల అడ్డంగా ఊపింది. ఆమె చేయి ద్వారబంధాన్ని గట్టిగా పట్టుకుంది.

కొట్టంలోంచి గండయ్య గొంతు మళ్లీ లేచింది. "ఎవరామె? ఆనవాలన్న చెప్పు."

"నేను మీ ఊరికి రాలె బిడ్డా," అని మెల్లగా అని, గండయ్య భార్య తలుపు మూసింది.