అయిదో పేరు

“అక్కా, ఆ నీలం టోపీ అంకుల్ మన వరుసలో ఎందుకున్నాడు?”

పక్క కుర్చీలోని జియు చెవిలో ఊదగానే బోరం అటు తిరిగి చూసింది.

కొరియాలోని బూసాన్ స్టేడియంలో ఏటా జరిగే పాటల పండుగ అది. సెబ్యోక్ బృందానికి ఈ వేదిక దక్కడం ఇదే మొదటిసారి. వాళ్ళ అభిమాన సంఘానికి బోరమే పెద్ద. పాట మధ్యలో గాయకుల పేర్లు అందరూ ఒక్క గొంతుతో పిలవాలి. ఒక్కరు తడబడినా పక్క సంఘాలవాళ్ళు ఏడాదంతా ఏడిపిస్తారు. ఆ బెంగతో బోరానికి అన్నం కూడా సయించడం లేదు.

చుట్టూ అంతా కాలేజీ ఆడపిల్లలు. మధ్యలో యాభై దాటిన మనిషి. మూతికి మాస్కు. ఒళ్ళో సంచీని రెండు చేతులతో పొదివి పట్టుకున్నాడు.

“కెమెరా దాచాడేమో!”

“కాదే, మన పాట చెడగొట్టమని ఎవరో పంపారు,” అంది జియు.

బోరం లేచి ఆయన దగ్గరికి వెళ్ళింది.

“అంకుల్, ఇది సంఘంవాళ్ళ చోటు. ఎవరు మీరు?”

“పాట వినడానికొచ్చానమ్మా. టిక్కెట్టుంది.”

“సంచీలో ఏముంది?”

ఆయన తటపటాయిస్తూ తీశాడు. అభిమానులు ఊపే దీపం. పాతది, అయిదు రేకులది.

బోరం మొహం మాడిపోయింది. ఇప్పటి దీపానికి నాలుగే రేకులు, గాయకుడికొకటి. అయిదోవాడు దవూన్ కిందటేడు మాటైనా చెప్పకుండా బృందాన్ని వదిలేశాడు. అప్పట్నుంచి సంఘంలో అతని పేరెత్తితే ద్రోహం కిందే లెక్క.

“సరే, మన పిలుపు చెప్పండి చూద్దాం.”

“గారం, ఇహాన్, సొల్బిన్, ఉజు... దవూన్.”

“చూశావా అక్కా! నే చెప్పలే?”

“మమ్మల్ని నవ్వులపాలు చెయ్యమని ఎవరు పంపారు మిమ్మల్ని?” బోరం గదిమింది.

“ఎవరూ కాదమ్మా. ఆఖరి పాటదాకా ఉండనివ్వండి. ఆ పేరు ఒక్కసారి పిలిచి వెళ్ళిపోతాను.”

ఇంకేం కావాలి? తన నోటితో తనే ఒప్పుకున్నాడు. బోరం కాపలావాళ్ళని పిలిచి, పిల్లల్ని అల్లరి పెడుతున్నాడని కూడా ఓ మాట కలిపింది.

ఆయన ఏదో చెప్పబోయి వేదికవైపు చూశాడు. దీపాన్ని కుర్చీలో పెట్టాడు.

“ఆ పాటకి దీన్ని వెలిగించమ్మా.”

కాపలావాళ్ళు ఆయన్ని బయటికి తీసుకుపోగానే బోరం దాన్ని కాలితో కుర్చీ కిందికి తోసేసింది. పీడ విరగడైంది అనుకుంది.

ఆఖరి పాటకి ముందు గారం మైకు పట్టుకుని ముందుకొచ్చాడు. వెనకాల మిగతా ముగ్గురూ జరిగి, మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ వదిలారు.

“దవూన్ మమ్మల్ని వదిలిపోలేదు. జబ్బు సంగతి మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. పోయిన వారం వాడు కన్నుమూశాడు. మీ అందరి నోటా తన పేరు మళ్ళీ ఒక్కసారి పలకాలన్నాడు. అందుకే ఒకాయన్ని మీ మధ్యనే కూర్చోబెట్టాం. నేను చెప్పేదాకా బయటపడొద్దని మేమే ఆయన్ని బతిమాలాం.”

బోరం చెయ్యి దీపం కోసం కుర్చీ కింద తడుముతోంది.

గారం మైకును వాళ్ళ వరుసవైపు చాచాడు.

“నాన్నగారూ, మీ అబ్బాయి పేరు మీరే మొదలుపెట్టండి.”