మూడు సెకన్లు

నేను డిజైన్ చేస్తున్న కొత్త రోలింగ్ మెషిన్‌ని కంప్యూటర్‌లో నడిపి చూస్తున్నాను. రేకు వంకరపోగానే బొమ్మ ఆపరేటర్ స్టాప్ బటన్ నొక్కాలి, లేకపోతే రేకుతోపాటు చెయ్యి రోలర్లలోకి పోతుంది. నొక్కడానికి ఒక సెకను పడుతుందని పెట్టాను. ప్రతిసారీ చెయ్యి దక్కింది.

పాత మెషిన్ మీద పాతికేళ్ళు చేసిన పెద్దాయన వెనక నిలబడి చూస్తున్నాడు. "ఒకటి చాలదు బాబూ, మూడు పెట్టు."

"బటన్ చేతికి అందేలాగే పెట్టాను కదా బాబాయ్?"

"నొక్కడానికి ఒకటే. పని ఆపితే పైవాళ్ళతో ఎన్ని తిట్లు తినాలో అని తటపటాయించడానికి రెండు."

నవ్వి, మూడు పెట్టాను. పదిసార్లు నడిపితే పదిసార్లూ చెయ్యి పోయింది. నవ్వు ఆగిపోయింది. రోలర్ల ముందు కంచె కట్టాలి, అంటే డిజైన్ మళ్ళీ మొదటికొచ్చినట్టే.

అప్పుడే మేనేజర్ గారు వచ్చి తెర చూశారు. "రేపు డిజైన్ పంపాలి. ఆ మూడు తీసేసి ఒకటి పెట్టెయ్. ఏం, కుదరదా?"

కుదరదనే చెప్పాలి. నోరు తెరిచి, నీళ్ళు నమిలాను.

"అలాగే సార్."

ఆయన వెళ్ళిపోయారు. పెద్దాయన నా భుజం మీద చెయ్యి వేశాడు.

"చూశావా బాబూ, నీకూ మూడే పట్టింది."