పదో ప్రశ్న

ఆగస్టు పద్నాలుగు, గురువారం. పొద్దున ఆలుమగలిద్దరూ మక్క గట్క, పచ్చిపులుసు తిని ధర్మపురిలో బస్సెక్కారు. హనుమండ్లుకు ఆ రోజు అంత బాగా గుర్తు.

కరీంనగర్‌లో డాక్టర్ రచన మాటలు మరిచిపోయే జబ్బు మీద పరిశోధన చేస్తోంది. బెంగళూరులో పుట్టి పెరిగిన పిల్ల. నెలకోసారి పోశవ్వకు తొమ్మిది బొమ్మలు చూపించి పేర్లు అడుగుతుంది. పదో ప్రశ్నకు బొమ్మ ఉండదు. పక్కన కూర్చున్న హనుమండ్లును చూపించి, "ఈయన పేరేంటి?" అంటుంది.

ఏడాదిగా పోశవ్వ నోటి నుంచి ఒక్కో మాటా జారిపోతోంది. మొదట చాట పోయింది. తర్వాత రోకలి. పదో ప్రశ్నకు మాత్రం మొదటి నుంచీ సున్నాయే. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "గాయిననే అడుగుండ్రి" అని నవ్వేది.

"భర్త పేరు అన్నిటికంటే ఆఖరున పోవాలి. ఈమెకు అదే ముందు పోయింది" అని రచన దిగులుపడేది.

"చాట మరిస్తే మరువనియ్యి డాక్టరమ్మా. నన్ను మరువకుంటే సాలు" అనేవాడు హనుమండ్లు. సున్నా పడ్డ ప్రతిసారీ బస్టాండులో పోశవ్వకు మిర్చి బజ్జీలు కొనిచ్చేవాడు.

ఆ గురువారం తొమ్మిది బొమ్మల్లో ఆమె ఒక్క ఆవునే పోల్చుకుంది. రచన అలసటగా పదో ప్రశ్న అడిగింది.

పోశవ్వ అతని ముఖంలోకి సూటిగా చూసింది.

"హనుమండ్లు" అంది.

రచన కలం పక్కన పెట్టి ఆమె చేయి పట్టుకుంది. "విన్నారా? ఏడాదిలో ఇదే మొదటిసారి."

"విన్న" అన్నాడతను. "ఇగ పోతం డాక్టరమ్మా. బస్సు ఎల్లిపోతది."

ఆ రోజు బజ్జీలు కొనలేదు. బస్సులో ఎవరో ఆడమనిషి జరిగి పోశవ్వకు కిటికీ పక్కన చోటిచ్చింది. ఆ మాత్రం దయ చాలనుకుని అతను కడ్డీ పట్టుకు నిలబడ్డాడు.

ఇంటికొచ్చాక ఆమెకు పక్క వేసి, చెంబుతో నీళ్లు పెట్టాడు. చాప చంకన పెట్టుకుని అరుగు మీదికి వచ్చాడు. నలభై రెండేళ్ల కాపురంలో ఒక్కనాడూ మొగని పేరు నోట పలకని మనిషి ఇవాళ పేరు పెట్టి పిలిచిందంటే తానిక ఆమెకు పరాయివాడేనని తెలిసి, హనుమండ్లు బయటి నుంచి తలుపు నెమ్మదిగా దగ్గరికి వేశాడు.